మోకాళ్ళ మీద

కోడి ఇంకా కూయలేదు. లోదియా లేచి, చీకట్లోనే చేతులు కడుక్కుని భర్త నార్విన్ మంచం దగ్గరికి వచ్చింది. దీపంతో పనిలేదు ఆమెకి. ఎడమ చెయ్యి అతని భుజం కిందికీ, కుడి చెయ్యి తుంటి కిందికీ పోనిచ్చి, మోకాలు మంచం పట్టెకి ఆనించి, ఒక్క ఊపున గోడవైపు తిప్పింది. అతను “ఊఁ” అని మూలిగాడు. నడుము కింది పుండు మీద గుడ్డ తీసి వాసన చూసింది. చీము వాసన లేదు. ఉప్పేసి కాచిన నీళ్ళతో మెల్లగా తుడిచి, పంచదార అద్ది, ఉతికిన గుడ్డ వేసింది. మంచం పక్కన వేలాడుతున్న మూత్రం సంచి విప్పి, పెరట్లో పారబోసి, కడిగి మళ్ళీ గొట్టానికి తగిలించింది.

పని అయ్యాక మంచం కాళ్ళవైపు మోకాళ్ళూని కూర్చుంది. గుంజల మీద కట్టిన చెక్క ఇల్లు. నేల పలకల సందుల్లోంచి ఉప్పుటేటి చల్లగాలి పైకి కొడుతోంది. రాతిరొయ్యల కోసం సముద్రంలో మునిగే నార్విన్‌ని లోతులోంచి గబుక్కున పైకి తేలడంతో నడుము కింద చచ్చుబడిన మనిషిగా పడవలోంచి దించి ఇంటికి మోసుకొచ్చిన నాటి నుంచీ ఆమె ఒక్క తెల్లవారుజాము కూడా తప్పలేదు. జ్వరమొచ్చినా తప్పలేదు, గాలివానకి కప్పు రేకులు లేచిపోయినప్పుడూ తప్పలేదు. శుక్రవారం పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టదు. “ప్రార్థనంటే ఏమిటో లోదియాని చూసి నేర్చుకోండి” అని సంఘపెద్ద హెన్లీ మామ గుడిలో అందరి ముందూ అనేవాడు. ఆ మాటకి ఆమె తల వంచుకునేది కానీ, లోపలెక్కడో తియ్యగా ఉండేది.

పైకి వినపడేలా గొణుగుతూ ప్రార్థించడం ఆమె అలవాటు. ఊళ్ళోవాళ్ళ సంగతులన్నీ దేవుడికి విన్నవించుకుని, చివరికి ఎప్పుడూ వచ్చే చోటికే వచ్చింది. దుప్పటి అంచు పైకి తీసి, రెండు పాదాలూ రెండు చేతుల్లోకి తీసుకుంది. “ఈ కాళ్ళు, ప్రభువా. ఈ కాళ్ళు లేపు. ఇంకేమీ అడగను నిన్ను.”

కుడి బొటనవేలు చటుక్కున కదిలింది.

“కదిలింది!” అని అరిచింది లోదియా.

“ఏది?” అన్నాడు నార్విన్ గోడవైపు తిరిగే.

“నీ వేలు. నా చేతిలోనే కదిలింది.”

“నరం గుంజి ఉంటుందిలే. లోతులో దెబ్బ తగిలిన ప్రతివాడికీ గుంజుతుంది. ముసలి అమోస్‌కి మోకాలుదాకా ఎగిరిపడేది. మరి లేచి గంతులేశాడా?”

“అలా మాట్లాడకు. ఆయన వింటాడు.”

“వింటే మంచిదే. వేలొక్కటీ ఎందుకు, కాలు మొత్తం ఇచ్చేస్తే పోలేదా అని నా మాటగా అడుగు.”

ఆమె ఆ పాదాల్ని వదలకుండా తెల్లగా తెల్లవారేదాకా అలాగే కూర్చుంది.

ఎవరికీ చెప్పకూడదనే అనుకుంది. కానీ ఏటి ఒడ్డున కర్రపెండలం తొక్క తీస్తుంటే, నార్విన్ అక్క జెల్మీరా వచ్చి పక్కన కూర్చునేసరికి మాట ఆగలేదు.

జెల్మీరా కత్తి ఆపకుండానే విన్నది. “వేలే కదా. కాలు కదిలినప్పుడు చెప్పు, నేనూ సంతోషిస్తాను” అంది. “నీళ్ళ కింద ఉండే లివా దెయ్యం పట్టుకున్నవాడే, తిరిగొచ్చాడు, ప్రాణంతో ఉన్నాడు. అదే ఎక్కువ. మా అమ్మ ఉంటే ఆకుపొగ వేయించేది.”

“లివా లేదు, ఏమీ లేదు వదినా. అవన్నీ పాతకాలం మాటలు.”

“సర్లే. నీ దేవుడు పట్టాడో, మా లివా పట్టిందో, వాడి గుడ్డలు ఉతికేది మనమిద్దరమే కదా.”

మధ్యాహ్నానికి ఆ వార్త హెన్లీ మామ దాకా వెళ్ళింది. ఆయనే ఇంటికి వచ్చాడు. గొంతుదాకా బొత్తాలు పెట్టుకున్న తెల్లచొక్కా, చేతిలో టోపీ. పాత మిషను గుడి నుంచి విడివడి వచ్చిన చిన్న సంఘం వాళ్ళది. బోధకుడు లేడు, అన్నీ హెన్లీ మామే. ఆయన కొడుకు రెండెల్ నార్విన్ పనిచేసిన పడవ మీంచే సముద్రంలోకి దిగి, మళ్ళీ తేలలేదు. శవం కూడా దొరకలేదు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తడు. ఎవరూ ఎత్తరు.

ఆయన మంచం పక్కన నిలబడి నార్విన్ పాదాల్ని చాలాసేపు చూశాడు.

“ఆదివారం తీసుకురండి” అన్నాడు.

“మామా, నా కాళ్ళు ఎక్కడున్నాయో నాకే తెలీదు” అన్నాడు నార్విన్. “మీకు కనపడుతున్నాయిగా, వాటినే అడగండి. వస్తామంటే తీసుకెళ్ళండి.”

“నవ్వు నాయనా, నవ్వినా ఫరవాలేదు. మీ ఇద్దరికీ కలిపి నీ భార్య విశ్వాసం చాలు.” ఆయన లోదియావైపు తిరిగాడు. “అప్పటిదాకా ఉపవాసం ఉండు తల్లీ. సంఘమంతా నీతో ఉంటుంది.”

లోదియా ఆ పూట నుంచే అన్నం మానేసింది.  శనివారం నార్విన్‌కి పచ్చి అరటికాయ ఉడకబెట్టి, కొబ్బరిపాలలో మెదిపి, చెంచాతో పెడుతుంటే కళ్ళు తిరిగి గిన్నె ఒలికింది. నార్విన్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. చేతుల్లో మాత్రం ఇంకా మునిగేవాడి బలం ఉంది.

“నేను రాను” అన్నాడు.

“నార్విన్...”

“నన్ను చూడ్డానికి అందరూ మెడలు సాచుకుని కూర్చుంటారు. నేను లేవను. నాకు తెలుసు, నీకూ తెలుసు.”

“నాకు తెలీదు!” ఆమె గొంతు కీచుగా వచ్చింది. “నువ్వు పడుకుని జోకులేస్తావు. రోజూ చీకట్లో లేచి మోకాళ్ళు కాయలు కాసేలా అడిగేది నేను. ఆయన జవాబిచ్చేటప్పుడు మనం ఇంట్లో తలుపేసుకుని కూర్చుంటే ఎలా? నాకోసం. ఒక్కసారి నాకోసం రా.”

నార్విన్ ఆమె ముఖంలోకి చూశాడు. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. పెదవులు ఎండి తెల్లగా పొలుసులు కట్టాయి.

“సరే” అన్నాడు మణికట్టు వదిలి. “నీకోసం. ఆయన కోసం కాదు. ముందు ఆ గిన్నె కడుగు.”

ఆదివారం పొద్దున్న అతనికి స్నానం చేయించి, పెళ్ళినాటి చొక్కా తొడిగింది. ఇప్పుడది భుజాల దగ్గర వేలాడుతోంది. కెన్నీ, ఉలీసెస్ వచ్చారు. ఇద్దరూ మునిగేవాళ్ళే, కెన్నీకి కూడా ఒక కాలు ఈడుస్తుంది. ఊయలగుడ్డలో అతన్ని పడుకోబెట్టి, రెండు కొసలూ వెదురుకి కట్టి భుజాల మీద మోశారు. రేవు మీదుగా వెళుతుంటే ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. నార్విన్ చెయ్యెత్తి అందరినీ పలకరించాడు. ఇంట్లోంచి బయటపడి చాలా కాలమైంది. ఎండకి కళ్ళు చికిలించుకుంటూనే, ఎవరి ఇంటికి రంగు వేశారో, ఎవరి పడవకి కొత్త తెడ్లు వచ్చాయో చూసుకుంటూ వెళ్ళాడు. కాసేపు అతను నిజంగానే సంతోషంగా ఉన్నాడని లోదియాకి అనిపించింది.

గుడి కిటకిటలాడింది. గిటారు, డప్పు, చప్పట్లు. పాట ఆగదు, ముగిసిన చోటే మళ్ళీ మొదలవుతోంది. రేకుల కప్పు కింద జనం ఊపిరి వేడి. హెన్లీ మామ చెమటతో తడిసి, నార్విన్ తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించాడు. ఆయన గొంతు బొంగురుపోయింది. అప్పుడు కెన్నీ, ఉలీసెస్ చెరో చంకలో చేతులు వేసి నార్విన్‌ని లేపి నిలబెట్టారు. పాదాలు నేలకి తగిలాయి. పక్కకి మడతపడి ఉన్న కుడిపాదాన్ని లోదియా వంగి సరిచేసింది.

“లోదియా!” అన్నాడు హెన్లీ మామ. పాట తగ్గింది. “నువ్వు అడిగావు. నువ్వే చెప్పు. నమ్ముతున్నావా?”

“నమ్ముతున్నాను.”

“అయితే వదలమను.”

ఆమె నార్విన్ వైపు చూసింది. అతను ఆమెనే చూస్తున్నాడు. కళ్ళలో వేళాకోళం లేదు. వద్దని తల అడ్డంగా ఊపాడు, చాలా కొంచెంగా, ఆమెకి మాత్రమే తెలిసేటట్టు.

“వదలండి” అంది లోదియా.

కెన్నీ వెంటనే వదల్లేదు. “వదులు!” అన్నాడు హెన్లీ మామ. వదిలారు.

నిలబెట్టిన గోనెసంచి జారినట్టు జారిపోయాడు నార్విన్. ఒక కాలు శరీరం కింద పడి మడతపడిపోయింది. ఎండిన కట్టె విరిగిన చప్పుడు ఒకటి వినపడింది. తల బల్ల అంచుకి తగిలింది. మూత్రం సంచి చిట్లి, పెళ్ళినాటి చొక్కామీదా, నేలమీదా పరుచుకుంది. వెనక వరసలో ఎవరో పిల్లలు నవ్వారు. వాళ్ళమ్మ కొట్టింది కాబోలు, ఆ నవ్వు ఏడుపైంది.

“విశ్వాసం లేదు” అన్నాడు హెన్లీ మామ. పెద్దగా అనలేదు. తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. “ఈ ఇంటివాడిలో విశ్వాసం లేదు.”

ఎవరూ కదల్లేదు. లోదియా కూడా కదల్లేదు. గుడి మెట్టెక్కడం ఇష్టంలేక తలుపు దగ్గరే నిలబడి చూస్తున్న జెల్మీరా జనాన్ని తోసుకుంటూ వచ్చింది. తలకి కట్టుకున్న గుడ్డ విప్పి, తమ్ముడి ముఖం తుడిచింది. మోకాళ్ళమీద కూర్చుని నేలంతా తుడిచింది. తరవాత కెన్నీ వైపు చూసి, “ఇంకా ఏం చూస్తావురా? మొయ్యి” అంది.

మర్నాడు కోడి కూసింది. లోదియా అప్పటికే మేలుకుని ఉంది. లేచి నార్విన్‌ని తిప్పింది, పుండు కడిగింది, సంచి మార్చింది. తరవాత మంచం కాళ్ళవైపు వెళ్ళలేదు. వంటమూలకి వెళ్ళి, పొయ్యిలో నిప్పు రాజేసి, దాని ముందు కూర్చుంది. ఆ మర్నాడూ అంతే. మళ్ళీ అన్నం తింటోంది గానీ రుచి తెలియడం లేదు. ఏటి దగ్గర గుడ్డలు పిండుతుంటే ఆడవాళ్ళు మాటలాపేసి, ఆమె వెళ్ళాక మళ్ళీ మొదలెడుతున్నారు. నార్విన్‌తో కావలసినంతే మాట్లాడుతోంది. అతని ముఖం చూడకుండా అన్నం పెట్టడం నేర్చుకుంది.

తొడ వాచి, చర్మం నల్లబడి మెరుస్తోంది. ఆరోగ్య కేంద్రం నర్సు వచ్చి నొక్కి చూసింది. “ఎముక విరిగింది. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.”

“పడవ కుదుపులకి ఈ పుండు ఏమవుతుంది?” అని అడిగాడు నార్విన్.

నర్సు పుండు మీది గుడ్డ ఎత్తి చూసి, మళ్ళీ కప్పింది.

“మరి ఇక్కడే కట్టెయ్యమ్మా. నడవని కాలు వంకరగా అతుక్కుంటే ఎవరికి నష్టం? ఎలాగూ నొప్పి తెలీదు నాకు. ఆ సుఖమొకటి ఉంది.”

నర్సు రెండు చెక్కపలకలు పెట్టి కట్టు కట్టింది. లోదియా పలకలు పట్టుకుంది. కట్టు కడుతున్నంతసేపూ ఆమె కళ్ళలోంచి నీళ్ళు ఆ తొడమీద పడుతూనే ఉన్నాయి.

బుధవారం హెన్లీ మామ వచ్చాడు. నిచ్చెన ఎక్కి గుమ్మంలోనే నిలబడ్డాడు.

“సంఘం అనుకుంది తల్లీ” అన్నాడు టోపీ అంచు తిప్పుతూ. “ఈసారి ప్రభువు బల్లకి, రొట్టె తీసుకోడానికి, మీరు రావద్దు. మీ ఇంట్లో ఏదో అడ్డు ఉంది. పరీక్షించుకోండి.”

“నేలమీద పడ్డవాడిదా తప్పు?” జెల్మీరా పొయ్యి దగ్గరినుంచి లేచి వచ్చింది. “వదలమంది ఎవరు? వదులు వదులు అని అరిచింది ఎవరు? బల్లకి నువ్వు మాత్రం వెళతావా?”

“వదినా, ఊరుకో” అంది లోదియా. హెన్లీ మామతో, “అడ్డు ఉంది మామా” అంది. “నాలోనే ఉంది.”

ఆయన తలూపాడు. వెళ్ళబోయి, నిచ్చెన మీద ఒక కాలు పెట్టి ఆగాడు. “నేను నిజంగా అనుకున్నాను” అన్నాడు ఏటివైపు చూస్తూ. “ఒక్కడైనా... రెండెల్ లేచి నిలబడతాడని అనుకున్నాను.”

నార్విన్ అనబోయి కొడుకు పేరు అన్నాడని ఆయనకి తెలియలేదు. చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది, జెల్మీరాకి కూడా. ముసలాయన మెల్లగా దిగి వెళ్ళిపోయాడు.

శుక్రవారం తెల్లవారుజామున పని ముగించి లోదియా పొయ్యివైపు వెళుతుంటే, “లోదీ” అన్నాడు నార్విన్.

ఆగింది.

“ఈవేళ కూడా లేదా?”

“ఏది?”

“నీ ప్రార్థన.”

ఆమె చీకట్లో నిలబడే మాట్లాడింది. “నువ్వు వద్దని తలూపావు. నేను చూశాను. చూసి కూడా వదలమన్నాను. ఎందుకో తెలుసా? నా ప్రార్థన గెలవాలని. నువ్వు లేచి నడవాలని కాదు ఆ నిమిషాన. అందరూ చూడాలని. ఇంక ఏ ముఖంతో మోకాళ్ళూనను?”

నార్విన్ మెల్లగా మాట్లాడాడు.

“నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టదు లోదీ. నువ్వు తిప్పేటప్పుడు మూలుగుతాను చూడు, అది నిద్ర కాదు. నిద్రపోయానని నువ్వు అనుకోవాలని. చీకట్లో ఇలా పడుకుంటే లోతులో ఉన్నట్టే ఉంటుంది. పైకి ఎంత దూరమో తెలీదు. అప్పుడు నువ్వు మొదలెడతావు. రేవు దగ్గర కెన్నీ ఇంటితో. వాడి తల్లి దగ్గు. ఆ పక్కన ఉలీసెస్ పిల్లలు. అక్క నడుం నొప్పి. హెన్లీ మామకి కొడుకు బెంగ. ఒక్కొక్క ఇల్లే చెప్పుకుంటూ సీమపనస తోపు దాకా పోతావు. నేనూ నీ వెనకే ప్రతి ఇంటికీ వెళ్ళొస్తాను. అమ్మయ్య, ఊరు ఉంది, తెల్లారిపోతుంది అనుకుంటాను. ఆఖర్న నా కాళ్ళ దగ్గరికి వస్తావు చూడు, అప్పుడు చెవులు మూసుకుంటాను.”

లోదియా పొయ్యివైపు నుంచి ఇటు తిరిగింది.

“ఈ నాలుగు రోజులూ తెల్లారలేదు నాకు” అన్నాడు. “ఆయన వింటాడో లేదో నాకు తెలీదు. నేను వింటాను. కాళ్ళు మాత్రం వదిలెయ్. తక్కినదంతా చెప్పు.”

ఆమె వచ్చి, మంచం కాళ్ళవైపు కాకుండా తలవైపు కూర్చుంది. మోకాళ్ళూనింది.  ఇన్నాళ్ళూ ఊరందరి పేర్లూ ఆ చివరి కోరిక దగ్గరికి చేరే దారిగానే చెప్పింది. నాలిక దానంతటదే చెప్పేది. మనసు ఎప్పుడూ ముందే కాళ్ళ దగ్గరికి పరిగెత్తి ఉండేది. ఇప్పుడు పరిగెత్తడానికి చోటు లేదు. కెన్నీ అంది. కెన్నీ తల్లి ముఖం కనపడింది, దగ్గినప్పుడు నోటికి అడ్డం పెట్టుకునే నీలం గుడ్డతో సహా. ఉలీసెస్ అంది. ఒక్కొక్క పేరు దగ్గరా ఆ మనిషి కనపడేదాకా ఆగి, అప్పుడే తరవాతి పేరు ఎత్తింది. ఇంత నెమ్మదిగా ఆమె ఎన్నడూ ప్రార్థించలేదు.

“ఒక ఇల్లు వదిలేశావు” అన్నాడు నార్విన్.

“తెలుసు.”

“ముసలాయన ఒక్కడే ఉంటాడు ఆ ఇంట్లో.”

“నావల్ల కాదు ఇవాళ.”

“సరే. రేపు చెబుదువుగాని.”

సీమపనస తోపు దాకా వెళ్ళింది. ఇంక ఎవరూ మిగల్లేదు.

“నార్విన్” అంది. ఆగింది. ఆ పేరు వెనక ఏమీ తగిలించలేదు.

అతను చెవులు మూసుకోలేదు.

విరిగిన తొడ అతుక్కోలేదు. పుండు లోపలికి పాకింది. వానలు మొదలైన వారంలో, ఒక మధ్యాహ్నం, లోదియా వాకిట్లో కర్రపెండలం తురుముతుండగా నార్విన్ పోయాడు. జెల్మీరా పిలిస్తే, చేతికి పిండి ఉండగానే లోదియా వచ్చి అతని కళ్ళు మూసింది. ఎవరూ అడగకుండానే హెన్లీ మామ పలకలు మోసుకొచ్చి, ఇంటి కింద గుంజల మధ్య కూర్చుని పెట్టె చేశాడు. చిత్రిక పట్టిన చెక్కని అరచేత్తో తడిమి, గరుకు తగిలితే మళ్ళీ పట్టాడు. లోదియా ఆయనకి కాఫీ తీసుకెళ్ళి ఇచ్చింది. ఆయన లేచి నిలబడి, “నన్ను...” అన్నాడు.  ఆమె లోటా ఆయన చేతిలో పెట్టి, ఆయన తాగేదాకా అక్కడే నిలబడింది. అప్పటికి చాలా రోజులుగా ప్రార్థనలో ఆయన ఇల్లు కూడా చెబుతూనే ఉంది.

ఖననమైన మర్నాడు, కోడి కూయకముందే మెలకువ వచ్చింది. చేతులు కడుక్కుంది. మంచం దగ్గరికి వచ్చి ఎడమ చెయ్యి చాచాక గానీ అక్కడ ఎవరూ లేరన్నది తెలిసిరాలేదు. చల్లటి నులక మీద చెయ్యి అలాగే ఉంచింది. తిప్పడానికి ఎవరూ లేరు. కడగడానికి ఏమీ లేదు. వినేవాడు లేడు. వెళ్ళి మళ్ళీ పడుకోవచ్చు. ఇప్పుడు పడుకుంటే ఎవరూ తప్పు పట్టరు.

మోకాళ్ళూనింది. కప్పుమీద వాన పడుతోంది. కెన్నీ, అంది. గొంతు బయటికి రాలేదు. పెదవులు మాత్రం కదిలాయి. ఉలీసెస్. ఉలీసెస్ పిల్లలు. హెన్లీ మామ. ఒక్కొక్క ఇల్లే దాటుకుంటూ పోయింది. తోపు దగ్గరి ఆఖరి ఇల్లు కూడా దాటాక వచ్చే పేరు దగ్గర, ఆ పేరు పలకడానికి పట్టేంతసేపు ఊరికే ఉండిపోయింది.

పలకల అడ్డు అవతల చాప కదిలిన చప్పుడైంది. రాత్రంతా వెక్కిళ్ళు ఆపుకుంటూ పడుకున్న జెల్మీరా లేచి కూర్చుంది. ఊపిరి బిగబట్టి, అటునుంచి ఏదో వినపడుతుందేమోనని చూస్తోంది.

లోదియా గొంతు సవరించుకుంది. మళ్ళీ రేవు దగ్గర మొదలుపెట్టి, అడ్డు అవతలికి వినపడేలా చెప్పసాగింది.